51 మంది కలిస్తే 49 మంది ఆస్తి తీసేసుకోవచ్చా?

మీ ప్రశ్నలో మూడు ముక్కలున్నాయి. ప్రజాస్వామ్యమంటే మెజారిటీ మాటే కదా, మరి 51 మంది కలిసి 49 మంది ఆస్తి తీసుకుంటామంటే కోర్టులు ఎందుకు అడ్డు పడాలన్నది మొదటిది. వ్యక్తి హక్కులు చివరికి డబ్బున్నవాళ్లకే కవచంగా పనికొస్తున్నాయని మీ హాస్టల్ మిత్రుడు అంటున్నాడు, అందులో నిజమెంత అన్నది రెండోది. సోవియట్ యూనియన్ కూలిపోయి ఇంతకాలమైనా చదువుకున్న కుర్రాళ్లు సోషలిజం వైపు ఎందుకు మొగ్గుతున్నారన్నది మూడోది. నేను చాలా ఏళ్లు భూసేకరణ కేసులు వాదించాను, కొంతకాలం లా విద్యార్థులకు రాజ్యాంగం పాఠం చెప్పాను. అందుకని సిద్ధాంతాల జోలికి ఎక్కువ పోను. మన దేశంలో జరిగిన కేసులే తీసుకుని చెబుతాను.

ముందు మెజారిటీ సంగతి. మన లోక్‌సభ ఎన్నికల్లో ఒక్క పార్టీకి సగం ఓట్లు ఇప్పటివరకు ఎప్పుడూ రాలేదు. 1984లో 400కు పైగా సీట్లు గెలిచిన కాంగ్రెస్‌కు పడ్డవి 49 శాతం. 'గరీబీ హటావో' నినాదంతో 1971లో ఇందిరా గాంధీ 352 సీట్లు గెలిచినప్పుడు ఆ పార్టీ ఓట్లు 44 శాతం లోపే. 2014లో బీజేపీ 31 శాతం ఓట్లతో సొంతంగా మెజారిటీ తెచ్చుకుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు, మనం ఎంచుకున్న ఎన్నికల పద్ధతే అది. ఆ ప్రభుత్వాలన్నీ చట్టబద్ధమైనవే. పన్నులు వేయడానికీ, బ్యాంకుల్ని జాతీయం చేయడానికీ, ప్రభుత్వ సంస్థల్ని అమ్మడానికీ వాటికి అధికారం ఉంది. కానీ "దేశమంతా మా వెనకే ఉంది, ఇక మాకు అడ్డేమిటి" అని ఎవరన్నా అంటే ఈ అంకెలు గుర్తు చేసుకోండి. మీరు చెప్పిన 51 మంది చాలాసార్లు 44 మందో, 31 మందో.

ఇక మీ మిత్రుడి వాదన. దానికి జవాబు 1950లోనే ఉంది. రాజ్యాంగం అమల్లోకి వచ్చిన కొత్తలో వ్యక్తి స్వేచ్ఛ గురించి సుప్రీంకోర్టులో నడిచిన మొట్టమొదటి పెద్ద కేసు వేసింది కేరళ కమ్యూనిస్టు నాయకుడు ఏ.కె. గోపాలన్. విచారణ లేకుండా ముందస్తు నిర్బంధ చట్టం కింద జైల్లో పెడితే, 21వ అధికరణం ప్రకారం తన స్వేచ్ఛను కాపాడమని ఆయన కోర్టుకెక్కాడు. 1950 మేలో వచ్చిన తీర్పులో ఓడిపోయాడు. పార్లమెంటు ఒక చట్టం చేసి, ఆ చట్టంలో చెప్పిన పద్ధతి ప్రకారం జైల్లో పెడితే చాలు, ఆ పద్ధతి న్యాయంగా ఉందా లేదా అని అడగడానికి లేదని ఎక్కువమంది జడ్జీలు అన్నారు. జస్టిస్ ఫజల్ అలీ ఒప్పుకోలేదు. హక్కుల్ని ఒకదానికొకటి సంబంధం లేని ముక్కలుగా చూడకూడదని ఆయన రాశాడు. అంటే మెజారిటీ చేసిన చట్టం ఎలా ఉన్నా సరిపోతుందన్న సిద్ధాంతానికి మొదట బలైంది ఒక కమ్యూనిస్టే.

అదే నెలాఖరులో, 26వ తేదీన, పత్రికల కేసులు రెండింటిలో ఒకే రోజు తీర్పులు వచ్చాయి. మద్రాసు ప్రభుత్వం నిషేధించిన వామపక్ష పత్రిక 'క్రాస్ రోడ్స్' సంపాదకుడు రొమేష్ థాపర్‌ది ఒకటి. ఢిల్లీలో ముందస్తు సెన్సార్‌షిప్ విధించిన ఆరెస్సెస్ పత్రిక 'ఆర్గనైజర్' వాళ్లది రెండోది. రెండు పత్రికలూ గెలిచాయి. ఆ రెండు పత్రికల వాళ్లు ఒక్క విషయంలో కూడా ఏకీభవించి ఉండరు. అయినా ఇద్దరినీ కాపాడింది మాట్లాడే స్వేచ్ఛనిచ్చే 19వ అధికరణమే.

నేను క్లాసులో అన్నిటికంటే ఎక్కువసేపు చెప్పే కథ ఇక్కడి నుంచి మొదలవుతుంది. 1969 జూలైలో ఇందిరా గాంధీ ప్రభుత్వం 14 బ్యాంకుల్ని జాతీయం చేసింది. వాటిలో ఒకటైన సెంట్రల్ బ్యాంక్ ఆఫ్ ఇండియా డైరెక్టరు, వాటాదారు ఆర్.సి. కూపర్ కోర్టుకు వెళ్లాడు. రాజకీయంగా సోషలిజాన్ని వ్యతిరేకించిన స్వతంత్ర పార్టీ మనిషి, గోపాలన్‌కు పూర్తిగా ఎదురు వైపు. 1970 ఫిబ్రవరిలో పదకొండు మంది జడ్జీల్లో పది మంది ఆయన వైపు తీర్పు ఇచ్చారు. చట్టం ఉద్దేశం ఏమిటన్నది ఒక్కటే చూస్తే చాలదు, మనిషి హక్కు మీద దాని దెబ్బ ఎంతన్నది చూడాలన్నారు. హక్కుల్ని విడివిడి పెట్టెల్లో పెట్టి చూసే గోపాలన్ కేసు పద్ధతిని పక్కన పెట్టారు. ఎనిమిదేళ్ల తర్వాత, 1978 జనవరిలో, పాస్‌పోర్టు స్వాధీనం చేసుకున్నందుకు మేనకా గాంధీ వేసిన కేసులో సుప్రీంకోర్టు దాన్ని ఆధారం చేసుకుని ఇంకో అడుగు వేసింది. మనిషి స్వేచ్ఛను తీసేసే పద్ధతి న్యాయంగా, సహేతుకంగా ఉండాలని తేల్చింది. ఇవాళ లాకప్‌లో ఉన్న పేదవాడికి లాయరు కావాలన్నా, ఏళ్ల తరబడి విచారణ లేకుండా మగ్గుతున్న ఖైదీని వదలాలన్నా ఆ తీర్పునే చూపిస్తాం. జైల్లో ఉన్న కమ్యూనిస్టు మొదలుపెట్టి ఓడిన వాదన ఒక బ్యాంకు వాటాదారు కేసులో నిలబడి, చివరికి విచారణ ఖైదీలకు అక్కరకొచ్చింది. హక్కులు ఒక వర్గం సొత్తు అన్నవాళ్లకు ఈ దారంతా ఒకసారి చూపించాలి.

మీ మిత్రుడు ఇక్కడ ఒక గట్టి ప్రశ్న వేస్తాడు, వేయాలి కూడా. "మరి ఆస్తి హక్కు పేరుతో భూసంస్కరణలకు కోర్టులు అడ్డు తగల్లేదా?" తగిలాయి. బీహార్ జమీందారీ రద్దు చట్టాన్ని 1951లో పట్నా హైకోర్టు కొట్టేసింది. వెంటనే మొదటి రాజ్యాంగ సవరణ వచ్చింది, దాంతోపాటు తొమ్మిదో షెడ్యూలు వచ్చింది. అందులో చేర్చిన చట్టాన్ని ప్రాథమిక హక్కుల పేరు చెప్పి కోర్టులో కొట్టేయడానికి అప్పట్లో వీల్లేకుండా చేశారు. మొదట అందులో 13 చట్టాలుండేవి, ఇప్పుడు 284 ఉన్నాయి.

ఇంతలో మన తెలుగువాడి పేరు వస్తుంది. రాజమండ్రిలో పుట్టి, గుంటూరులో ఏర్పడిన ఆంధ్ర హైకోర్టుకు మొదటి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసి, దేశ ప్రధాన న్యాయమూర్తి అయిన కోకా సుబ్బారావు గారు. పంజాబ్ భూమి చట్టం మీద వచ్చిన గోలక్‌నాథ్ కేసులో, 1967 ఫిబ్రవరిలో, ఆరుగురికి ఐదుగురు మెజారిటీతో ఆయన చెప్పింది ఇది: ప్రాథమిక హక్కుల్ని తగ్గించే అధికారం పార్లమెంటుకు లేదు, రాజ్యాంగ సవరణ చేసినా సరే. అప్పటిదాకా జరిగిన భూసంస్కరణలు తలకిందులు కాకుండా, ఆ సూత్రం ఇకముందు వర్తిస్తుందన్నారు. ఆయన మీద నాకు చాలా గౌరవం. కానీ భూకమతాల మీద యజమాని హక్కుకూ, మాట్లాడే హక్కుకూ ఒకే తాళం వేయడం సరికాదని నా అభిప్రాయం. వేల ఎకరాలు ఒక కుటుంబం చేతిలో ఉండాలా వద్దా అన్నది ఎన్నికైన సభ తేల్చగల విషయమే. నా దృష్టిలో ఆయన గొప్పతనం 1962లో ఖరక్ సింగ్ కేసులో రాసిన భిన్నాభిప్రాయంలో ఉంది. పోలీసులు అనుమానితుడి ఇంటి మీద రాత్రింబవళ్లు నిఘా పెట్టడం గురించిన కేసు అది. వ్యక్తి స్వేచ్ఛలో గోప్యత కూడా భాగమేనని ఆయన అప్పుడే రాశారు. ఆ రోజు అది మైనారిటీ అభిప్రాయం. 2017లో తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని చెప్పినప్పుడు ఆయన మాటనే నిలబెట్టింది.

గోలక్‌నాథ్ తీర్పు 1973 ఏప్రిల్‌లో కేశవానంద భారతి కేసుతో పోయింది. పదమూడు మంది జడ్జీలు, ఏడుగురికి ఆరుగురు. పార్లమెంటు ఏ హక్కునైనా సవరించవచ్చు, రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని మాత్రం చెరపకూడదన్నారు. చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఆ కేసులో కేరళ భూసంస్కరణ చట్టాల్ని తొమ్మిదో షెడ్యూల్లో చేర్చిన సవరణ నిలబడింది. మఠాధిపతి కేశవానంద భారతి తన మఠం భూమి కోసం వేసిన కేసులో భూమి విషయంలో ఓడారు. భూసంస్కరణలకు దారి తెరిచే ఉంది. మెజారిటీ చేయకూడనిదేదో మాత్రం ఆ రోజు గీత గీశారు. ఆస్తి విషయంలో ఇంతకంటే సరైన సమతూకం నాకు కనిపించదు.

ఇప్పుడు మన ఆంధ్రప్రదేశ్‌కే వద్దాం. పీవీ నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా ఉండగా మొదలైన కసరత్తు తర్వాత 1973లో భూపరిమితి చట్టం వచ్చింది. నేలను బట్టి మాగాణి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట 35 నుంచి 54 ఎకరాలు ఒక కుటుంబానికి పరిమితి. మరుసటి ఏడాది 34వ సవరణతో దాన్ని తొమ్మిదో షెడ్యూల్లో చేర్చారు. అంటే హక్కుల పేరు చెప్పి కోర్టు అడ్డుకునే వీలు లేకుండా చేశారు. శాసనసభలో మెజారిటీ ఉంది, రాజ్యాంగ కవచం ఉంది. అయినా అనుకున్నంత మిగులు భూమి ఎందుకు తేలలేదు? బినామీ పేర్లు. చట్టం రాబోతోందని తెలిసి పాత తేదీలతో రాసుకున్న పంపకాలు. కాగితం మీద విడాకులు. మాగాణిని మెట్టగా చూపించిన డిక్లరేషన్లు. ఊళ్లో ఎవరి భూమి ఎవరిదో చిన్నపిల్లలకూ తెలుసు, రికార్డులో మాత్రం వేరుగా ఉండేది. ఆ రికార్డు రాసేవాళ్లూ, ఆ భూమి ఉన్నవాళ్లూ, శాసనసభలో ఆ చట్టానికి చేతులెత్తినవాళ్లూ చాలాచోట్ల ఒకే కుటుంబాల వాళ్లు. మీ మిత్రుడికి ఇది తప్పకుండా చెప్పండి: సమానత్వానికి హక్కులే అడ్డమన్న వాదనకు మన భూపరిమితి చట్టం పెద్ద పరీక్ష. అడ్డు తొలగించారు. భూమి మాత్రం అనుకున్నంత కదల్లేదు.

మరి సోషలిజం ఎందుకు ఆకర్షిస్తుంది? నల్గొండ, వరంగల్ పల్లెల్లో వెట్టి చేసినవాళ్ల మనవళ్లను అడిగితే దీనికి పుస్తకాలు అక్కర్లేదు. దొర ఇంట్లో పెళ్లయితే ఊరంతా పని చేయాలి, కూలి అడగకూడదు. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ, అందరికీ కులాన్ని బట్టి వెట్టి వంతు ఉండేది. 1946 జూలైలో కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయాక సంఘం (ఆంధ్ర మహాసభ) ఉద్యమం సాయుధ పోరాటంగా మారింది. వాళ్లకు ఓటు లేదు, నిజాం రాజ్యంలో మాట్లాడే హక్కు లేదు, కోర్టు దొరకు దగ్గర, వాళ్లకు దూరం. ఆ స్థితిలో ఉన్న మనిషికి "నీకు ఆస్తి హక్కుంది" అని చెబితే దాని అర్థమేమిటి? "దున్నేవాడిదే భూమి" అన్న మాట ఒక్కటే వాడికి అర్థమైంది. అందులో అన్నం ఉంది, తల ఎత్తుకుని నడవడం కూడా ఉంది. ఈ రెండోది సోషలిజాన్ని విమర్శించేవాళ్లు తరచూ మరిచిపోతారు. ఆకలి గురించి మాట్లాడి ఊరుకుంటారు, అవమానం గురించి మాట్లాడరు.

ఆ పోరాటం 1951 అక్టోబరులో ఆగింది. కొద్ది నెలలకే జరిగిన మొదటి ఎన్నికల్లో నల్గొండ నుంచి రావి నారాయణరెడ్డి గారు నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిచారు. తుపాకీ పట్టిన ఉద్యమం బ్యాలెట్ పెట్టె దగ్గరికి వచ్చి అంత బలంగా నిలబడటం దేశంలో అరుదు. నిషేధానికి గురైన పార్టీ వాళ్లు పోటీ చేయగలిగారు, సభలు పెట్టగలిగారు, గెలవగలిగారు. అవి వ్యక్తి హక్కులే కదా.

ఇవాళ్టి కుర్రాళ్ల విషయానికొస్తే కారణం వేరు, బాధ మాత్రం దగ్గరిదే. చదువుకు చేసిన అప్పు, కోచింగ్ ఫీజులు, రాని నోటిఫికేషన్లు, ఆస్పత్రి బిల్లుకు అమ్ముకున్న పొలం. వీటికి "పోటీ పడు, నీ హక్కులు నీకున్నాయి" అన్నది జవాబు కాదని వాళ్లకు అనిపిస్తుంది. అలా అనిపించడంలో తప్పు లేదు. ఆ అసంతృప్తిని "అయితే హక్కులన్నీ వదులుకుందాం" అన్న చోటికి ఎవరైనా మళ్లిస్తే మాత్రం నాకు నిజంగా భయమేస్తుంది. అలా మళ్లించినప్పుడు ఏం జరిగిందో మన దేశమే చూసింది కాబట్టి.

పీఠికలో 'సోషలిస్టు' అన్న మాట 1976లో 42వ సవరణతో చేరింది. అప్పుడు ప్రతిపక్ష నాయకులు జైళ్లలో ఉన్నారు. రాజ్యాంగ సవరణల్ని ఏ కోర్టూ ప్రశ్నించకూడదని అదే సవరణలో రాశారు. ఎమర్జెన్సీలో అక్రమంగా నిర్బంధించినా అడగడానికి లేదని సుప్రీంకోర్టు ఆ ఏప్రిల్‌లోనే నాలుగు-ఒకటిగా చెప్పింది, ఆ ఒక్కరు హెచ్.ఆర్. ఖన్నా. మరి హక్కులు లేని ఆ కాలంలో బాధపడిందెవరు? 1976-77 ఒక్క ఏడాదిలో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి, బలవంతం ఎక్కువగా పేదల మీదే. ఢిల్లీలో తుర్క్‌మాన్ గేట్ దగ్గర కూల్చినవి బంగళాలు కావు. జైళ్లలో ఉన్నవాళ్లలో సోషలిస్టులు ఎందరో. జయప్రకాశ్ నారాయణ్ ఉన్నారు, మధు లిమాయే ఉన్నారు. నెల్లూరు వాడైన పట్టాభి రామిరెడ్డి గారి భార్య, నటి స్నేహలతా రెడ్డి ఉన్నారు. ఆమె లోహియా బాటలో నడిచిన సోషలిస్టు. ఆస్తమాతో బెంగళూరు జైల్లో నెలల తరబడి ఉండి, పెరోల్ మీద బయటికొచ్చిన కొద్ది రోజులకే 1977 జనవరిలో చనిపోయారు. పీఠికలో సోషలిజం రాసుకున్న ప్రభుత్వం ఒక సోషలిస్టును విచారణ లేకుండా జైల్లో పెట్టింది. ఈ ఒక్క ఉదంతం చదివిన తర్వాత కూడా సమానత్వం కోసం స్వేచ్ఛను తాకట్టు పెట్టవచ్చని ఎవరైనా అంటే నాకు మాట రాదు.

ఆస్తి హక్కు గురించి ఇంకో సంగతి. 44వ సవరణతో 1979 నుంచి అది ప్రాథమిక హక్కు కాదు, 300-ఏ అధికరణం కింద రాజ్యాంగ హక్కు మాత్రమే. అది పెద్దోళ్లకే పనికొస్తుందనుకుంటే పొరపాటు. నా అనుభవంలో దాన్ని పట్టుకుని కోర్టుకొచ్చేది ఎకరం, రెండెకరాల వాళ్లే. భూమి లేనివాళ్లకు ప్రభుత్వం డి-పట్టాతో ఇచ్చిన అసైన్డ్ భూమిని ప్రాజెక్టు కోసమో, పార్కు కోసమో "ఇది మేమిచ్చిందే కదా" అని నామమాత్రం డబ్బుతో తీసుకోవడం అలవాటుగా ఉండేది. పక్క గట్టున పట్టా భూమి ఉన్నవాడికి మార్కెట్ ధర, భూమి లేని దళితుడికి ఇచ్చిన చెక్కకు వేరే లెక్క. 2004లో చేవెళ్ల కేసులో మన హైకోర్టు విస్తృత ధర్మాసనం అది చెల్లదంది, అసైన్డ్ భూమి పొందినవాడికి కూడా పట్టాదారుతో సమానంగా పరిహారం ఇవ్వాలంది. హిమాచల్‌లో రోడ్డు కోసం 1960లలో తన భూమి తీసుకుని పైసా ఇవ్వని ప్రభుత్వం మీద చదువురాని ఒక వృద్ధ వితంతువు వేసిన కేసులో 2020లో సుప్రీంకోర్టు ఇదే హక్కు ఎత్తి చూపి పరిహారం ఇప్పించింది. పెద్దవాడి దగ్గర భూమి తీసుకోవాలంటే ప్రభుత్వం పదిసార్లు ఆలోచిస్తుంది. చిన్నవాడి విషయంలో ఆ ఆలోచన ఉండదు. హక్కు అవసరం వాడికే.

సోషలిజాన్ని రాజ్యాంగంలో రాయాలా అన్న వాదన మనకు కొత్తది కాదు. 1948 నవంబరులో రాజ్యాంగ సభలో కె.టి. షా 'సోషలిస్టు' అన్న మాట చేర్చమని సవరణ పెట్టారు. అంబేడ్కర్ ఒప్పుకోలేదు. సమాజం ఎలా ఉండాలో ఆయా కాలాల ప్రజలే తేల్చుకోవాలి, మనం ఇప్పుడే రాసేస్తే వాళ్ల స్వేచ్ఛను లాక్కున్నట్టే అన్నది ఆయన వాదన. రేపు ఇంతకంటే మంచి పద్ధతి ఏదైనా తడితే వాళ్లు దాన్ని ఎంచుకోగలగాలన్నారు. ఇదే అంబేడ్కర్ 1947లో రాజ్యాంగ సభ కోసం రాసిన పత్రంలో వ్యవసాయ భూమి, కీలక పరిశ్రమలు ప్రభుత్వం చేతిలో ఉండాలనీ, మెజారిటీ మారినప్పుడల్లా అది మారిపోకుండా రాజ్యాంగంలోనే రాయాలనీ కోరారు. ఈ రెండూ ఒకదానికొకటి పొసగవు, ఆయన అభిమానులు దాన్ని కప్పిపుచ్చక్కర్లేదు. నాకు 1948 అంబేడ్కర్ మాటే సరైనదనిపిస్తుంది. నేను ఏ చట్టాన్నైనా ఆ కొలతతోనే చూస్తాను: రేపొచ్చే మెజారిటీ దీన్ని మార్చగలదా? సంపద మీద పన్ను వేస్తే రేపు తగ్గించవచ్చు. బ్యాంకు జాతీయం చేస్తే రేపు అమ్మవచ్చు. పత్రిక మూసి, ఎదుటివాణ్ని జైల్లో వేసి, కోర్టు నోరు కట్టేస్తే రేపటి మెజారిటీ పుట్టే దారే మూసుకుపోతుంది. మీ 51 మందికి మొదటి రెండూ చేసే అధికారం ఉంది, సరైన పద్ధతి పాటిస్తే, పరిహారం చెల్లిస్తే. మూడోది 99 మంది కలిసినా చేయకూడదు.

సోషలిస్టు అయినవాడు వ్యక్తి హక్కుల వైపు నిలబడలేడా అని మీరు చివర్లో అడిగారు. జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి గారి గురించి తెలుసుకోండి. మన హైకోర్టు నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లినవారు, సోషలిస్టు భావాలు దాచుకోనివారు. ఢిల్లీ పోలీసు డ్రైవర్ కానిస్టేబుల్ వేసిన కేసులో, 1982లో, పీఠికలోని 'సోషలిస్టు' అన్న మాటను పట్టుకుని సమాన పనికి సమాన వేతనం అని రాశారు. అదే ఏడాది బొగ్గు కంపెనీ కేసులో, సమాజ వనరులంటే ప్రైవేటు ఆస్తులు కూడా అని రాశారు. 2024 నవంబరులో తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనంలో మెజారిటీ ఆ వ్యాఖ్యానాన్ని తోసిపుచ్చింది. ప్రతి ప్రైవేటు ఆస్తీ సమాజ వనరు కాదంది. జస్టిస్ ధూలియా మాత్రం పాత మాటే సరైనదన్నారు.

ఆ చిన్నపరెడ్డి గారే 1986 ఆగస్టులో ఇంకో తీర్పు ఇచ్చారు. కేరళలో యెహోవా సాక్షులనే చిన్న క్రైస్తవ శాఖకు చెందిన ముగ్గురు పిల్లలు బడిలో జాతీయ గీతం పాడేటప్పుడు గౌరవంగా లేచి నిలబడేవాళ్లు, పాడేవాళ్లు కాదు. బడి నుంచి పంపేశారు. దేశంలో ఓటింగ్ పెట్టి ఉంటే ఆ పిల్లలకు ఎన్ని ఓట్లు పడేవో ఊహించుకోండి. అతి చిన్న మైనారిటీ కూడా రాజ్యాంగం నీడలో తన గుర్తింపు నిలుపుకోగలగడమే నిజమైన ప్రజాస్వామ్యానికి పరీక్ష అని ఆయన రాశారు, పిల్లల్ని తిరిగి చేర్చుకోమన్నారు. బొగ్గు కేసులో ఆయనతో నేను విభేదిస్తాను. ఈ కేసులో ఒక్క అక్షరం కూడా మార్చను. మీరూ మీ మిత్రుడూ కూర్చుని ఈ రెండు తీర్పులూ వరసగా చదవండి. మొదటిదాని మీద ఎంతైనా పోట్లాడుకోండి, అది పోట్లాడుకోవలసిన విషయమే. రెండోదాని దగ్గర ఇద్దరూ కలవకపోతే మళ్లీ ఇక్కడ రాయండి, మాట్లాడుకుందాం.